మేస్త్రీగారి మెదడులో గీతలు

వడ్రంగి మేస్త్రీగారు అటక మీంచి పడి మూడు నెలలైంది. కళ్ళు తెరుస్తారు, మూస్తారు, శుభ్రంగా ఆవలిస్తారు కూడా. పిలిస్తే మాత్రం పలకరు, వేలు కదపమంటే కదపరు. స్పృహ ఉందా లేదా అంటే డాక్టర్లు తలో మాటా చెప్పారు. ఆయన భార్య రోజూ పొద్దున్నే వచ్చి మంచం పక్కన కూర్చుని, భోజనాల వేళ దాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. గోడతో మాట్లాడినట్టుండేది. గోడే కదా అని మనసులో ఉన్నదంతా చెప్పేసుకుంది.

ఆ రోజు కొత్త పరీక్ష. మేస్త్రీగారి నెత్తికి తీగల టోపీ తొడిగారు. మెదడులో ఏ భాగానికా భాగం పనిచేస్తూనే ఉంది, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయా అన్నదే తేలాలి అన్నాడు పెద్ద డాక్టరు. తెర మీది చుక్కలు ఆ భాగాలట. రెండు కలిసి పనిచేస్తే మధ్యలో గీత పడుతుందట. ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేని తోడికోడళ్ళను చాలామందినే చూసింది గనక ఆవిడకి సంగతి ఇట్టే అర్థమైంది. ఈ పూట గీతలు పడకపోతే వ్యాయామాలవీ ఆపేసి, దుప్పట్లు మార్చడం తప్ప మరేమీ చెయ్యని వార్డుకి పంపేస్తామన్నాడు డాక్టరు.

తీగలు తగిలించిన అమ్మాయి చేతిలో కాగితం చూసి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమని మేస్త్రీగారికి చదివి వినిపించింది. ఒక్క గీత లేదు. ఇంకాస్త గట్టిగా చదివింది. లేదు. నాలుగోసారికి డాక్టరు గడియారం చూసుకున్నాడు. అది చూసి ఆవిడకి ఒళ్ళు మండింది.

"ఆయన జన్మలో బంతి ముట్టుకున్న మనిషి కాదు తల్లీ. చెక్క చిత్రిక పట్టమను, అప్పుడు చూడు."

కాగితంలో అలా లేదని అమ్మాయి నసిగింది. ఆ కాగితం రాసినవాడొచ్చి మంచమెక్కితే వాడికి చెప్పుకో టెన్నిస్ సంగతి అంది ఆవిడ. డాక్టరు నవ్వాపుకుని, సరే కానివ్వమన్నాడు.

"మేస్త్రీగారూ, చెక్క చిత్రిక పడుతున్నట్టు అనుకోండి," అంది అమ్మాయి.

ఒక గీత పడింది. దాని పక్కన ఇంకోటి. ముందు నుంచి వెనక్కి, ఎడమ నుంచి కుడికి చకచకా పాకి తెరంతా సాలెగూడైపోయింది. ఆపమంటే ఆగాయి. మళ్ళీ పట్టమంటే మళ్ళీ వచ్చాయి. అయిదుసార్లు చూసి డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

"వింటున్నారమ్మా. మొదటి నుంచీ అన్నీ వింటూనే ఉండి ఉంటారు."

ఆవిడ ఏడ్చింది, నవ్వింది, టోపీ కింద నుదురు నిమిరింది. అంతలో ఒక సంగతి తట్టింది. మొదటి నుంచీ అంటే? ఈ మూడు నెలల్లో గోడే కదా అని ఏమేం చెప్పేసింది! ఆయన ప్రాణప్రదంగా చూసుకునే ఉలితో పెయింటు డబ్బా మూత తీశానని చెప్పింది. వీధి తలుపు బిగించడానికి తమ్ముణ్ణి పిలిస్తే వాడు మరలు మానేసి మేకులు కొట్టాడని చెప్పింది. పెళ్ళైన కొత్తలో ఆయన చేసిచ్చిన కుర్చీ ముప్ఫై ఏళ్ళుగా ఊగుతోందనీ, కాలి కింద కాగితం మడిచి పెట్టుకుంటున్నాననీ కూడా చెప్పింది. కుర్చీ సంగతి రెండుసార్లు చెప్పింది.

ఔనైతే చిత్రిక పట్టినట్టు అనుకోవాలి, కాదంటే ఊరుకోవాలి, ఏదన్నా అడగండి అన్నాడు డాక్టరు. ఆవిడ కొంగు నలుపుతూ ఆయన చెవి దగ్గరికి వంగింది.

"నేను చెప్పినవన్నీ విన్నారా?"

తెర గీతలతో నిండిపోయింది.

"కోపం వచ్చిందా?"

గీతల్లేవు. అరనిమిషం, నిమిషం. ఉత్త చుక్కలు.

"కోపం లేదటమ్మా!" అని అమ్మాయి సంబరపడిపోయింది.

"నీకింకా పెళ్ళి కాలేదు కదూ?" అంది ఆవిడ. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, మొహం వెలిగిపోతోంది. "అలిగారు. అలిగితే ఆయన ఇలాగే ఉలకరు, పలకరు."

కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, బతిమాలడం మొదలుపెట్టింది.