బొట్టు పెట్టిన ప్లగ్గు

నేను ఒక స్పార్క్ ప్లగ్గును. తలెత్తుకు తిరిగే మొహం కాదు నాది. ఎత్తుదామన్నా తల లేదు, విరిగిపోయింది. ఎలా విరిగిందో చెప్పుకోవాలంటేనే సిగ్గుగా ఉంది.

ఏదో ఫ్యాక్టరీలో వేలమంది తోబుట్టువులతో పుట్టి, అట్టపెట్టెలో అనకాపల్లి చేరాను. అక్కడ మెకానిక్ సన్నిబాబు నన్ను నూకరత్నమ్మ చెరుకురసం బండి ఇంజనులో బిగించాడు. లోపల నిప్పురవ్వ రాల్చడం నా పని. ఆ రవ్వతో ఇంజను, ఇంజనుతో గానుగ, గానుగతో ఆ ఒంటరి మనిషి బతుకు నడిచేవి.

ఆయుధపూజనాడు ఆవిడ ఇంజను మీద పసుపునీళ్లు పోసి, అందరికన్నా పైన కనిపిస్తున్నానని నాకే పెద్ద బొట్టు పెట్టింది. ఇంకేముంది, నన్ను పట్టుకునేవాళ్లు లేరు! కార్బొరేటరును పలకరించడమే మానేశాను. సన్నిబాబు ఏడాదికోసారి స్పానరుతో వచ్చేవాడు.

"ఓపాలి ఇప్పి తుడిసేత్తానమ్మా."

"బొట్టెట్టిన సామాను కదపకు బాబూ, కీడు" అనేది ఆవిడ.

నేను మురిసిపోయేదాన్ని. నాలుగు దసరాల పసుపునీళ్లు నా మొదట్లో నిలిచి, నన్ను ఇంజనులో బిగించే మరచుట్ల థ్రెడ్డంతా తుప్పు పట్టింది. తెలిసీ కులుకుతూ కూర్చున్నాను.

రేపు కొత్త అమావాస్య జాతర అనగా ఇంజను మొరాయించింది. ఏడాది మొత్తానికి ఆ జాతర గిరాకీయే నూకరత్నమ్మకు ఆధారం. ఈసారి ఆవిడ అడ్డుచెప్పలేదు; నన్ను విప్పడానికి సన్నిబాబు నా చుట్టూ కిరసనాయిలు పోసి పూటంతా నాననిచ్చాడు. తర్వాత కాస్త బిగించి, కాస్త వదిలి, పిల్లల ఊగే పన్ను కదిపినట్టు కదిపాడు. "రాయే తల్లీ, రా" అని బతిమాలాడు కూడా. నేను రాలేదు. టక్కుమని మెడ దగ్గర విరిగాను.

పాపం, నేను దిగబడి ఉన్న ఇంజను పైభాగం, హెడ్డు విప్పి, నా మొండెంలోకి నాలుగు పలకల పాత ఆకురాయి దిగ్గొట్టి తిప్పాడు. వచ్చాను. వస్తూ వస్తూ హెడ్డు లోపలి థ్రెడ్డు కూడా ఊడ్చుకొచ్చాను.

"లేతు మిషను కాడ కొత్త థ్రెడ్డు కొట్టించాల. రేపటికవ్వదమ్మా" అంటూ సన్నిబాబు తల దించుకున్నాడు. దించుకోవలసింది నేను.

మర్నాడు జాతరలో నూకరత్నమ్మ గానుగ చేత్తోనే తిప్పింది. గల్లాపెట్టె పక్కన పడి ఉండి నేను చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. వచ్చిన జనంలో సగంమంది ఆగలేక పక్క బండికి పోయారు. సన్నిబాబు వచ్చి ఆవిణ్ణి కూర్చోబెట్టి తను చక్రం అందుకున్నాడు.

"ఏటయ్యింది బాబూ దానికి? ఉన్నదున్నట్టు సెప్పు."

"పసుపునీల్లమ్మా. ఇప్పనివ్వలేదు గదా, లోపల పట్టీసింది."

ఆవిడ గల్లాపెట్టె వైపు వంగింది. నన్ను చేతిలోకి తీసుకుంది. తిట్టి మురిక్కాలవలో పారేస్తుందనుకున్నాను, పారేసినా బాగుండేది. ఆ పొక్కిన చేత్తోనే నన్ను కళ్లకద్దుకుంది.

"నీకు ఊపిరాడకండా సేసీసేనే తల్లీ, తప్పయిపోయింది."

ఆ బొట్టు పట్టుకు వేలాడింది నేను కదమ్మా! ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు.