ముగ్గురు పట్టని తొట్టి

పెద్ద గిన్నెలో నీళ్లు మరిగేలోపు చిన్న గిన్నె షెడ్డులోకి మోసుకెళ్లి తొట్టిలో పోసి రావడం, దాన్ని మళ్లీ నింపి పొయ్యి మీద పెట్టేలోపు పెద్దది తెర్లడం. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇదే నా పని. వంటింటి గుమ్మం నుంచి వెనకాల షెడ్డు దాకా ఉన్న గడ్డి చలికి తెల్లబడి, చెప్పుల కింద కరకరమంటోంది. వేడి గిన్నె కొంగుతో పట్టుకుని ఆ గడ్డి మీద జారకుండా నడవడం కూడా పరిచర్యలో భాగమేనని ఏ బైబిలు కాలేజీలోనూ చెప్పరు.

"ఇంకెన్ని గిన్నెలోయ్?" షెడ్డులోంచి మా ఆయన కేకేశారు.

"మీరు నిన్న సాయంత్రమే నింపకుండా ఉంటే ఒక్కటీ అక్కర్లేదండీ."

తప్పు తెలిసినప్పుడు ఈయన నోరెత్తరు, అదొక సుగుణం. జరిగిందేమిటంటే, పొద్దున హడావుడి ఉండకూడదని నిన్న సాయంత్రం ట్యాంకులోని వేడినీళ్లన్నీ తొట్టిలోకి పట్టేసి, పైన ఒక దుప్పటి కప్పి, "రేపటికి గోరువెచ్చగా ఉంటాయి" అని తృప్తిగా వచ్చి భోజనానికి కూర్చున్నారు. పొయ్యి దగ్గర ఒక్కరోజు నిలబడ్డ వాళ్లైతే ఆ మాట అనరు. తెల్లవారి దుప్పటి తీసి వేలు పెట్టి చూసి, నా వంక చూసిన చూపుకి నాకు కోపం కూడా రాలేదు, నవ్వొచ్చింది.

ఆ తొట్టి గుర్రాలు నీళ్లు తాగేది. ఊరి చివర గుర్రాలశాల యజమాని వాడకుండా పడేసిన ఇనప తొట్టిని ఈయన అడిగి తెచ్చుకుని, మూడుసార్లు తోమారు. నేను ఇంకో రెండుసార్లు తోమాను. మా పెద్ద మావయ్యగారు, అంటే ఈయన పెదనాన్న, మమ్మల్ని మన దేశం నుంచి ఇక్కడికి పంపిన సంఘానికి పెద్ద, దాన్ని చూసి నిన్ననే ముఖం చిట్లించారు.

"గుర్రాల తొట్టిలో బాప్తిస్మం ఏమిట్రా? చూసినవాళ్లు నవ్వరూ?"

"యేసయ్యని పుట్టగానే పడుకోబెట్టింది మాత్రం ఏ తొట్టిలో పెదనాన్నా?" అన్నారు ఈయన. నాకైతే ఆ ఒక్క మాటకి ఈయన్ని మళ్లీ పెళ్లి చేసుకోవాలనిపించింది.

ఇది మాకు ఈ దేశంలో మొదటి బాప్తిస్మం. వచ్చిన కొత్తలో ఆదివారం ఆరాధనకి నేనూ, మా అమ్మాయీ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. అయినా ఈయన నిండు సంఘానికి చెప్పినట్టు గొంతెత్తి వాక్యం చెప్పేవారు. ఆఖరి వరుసలో ఎవరో కునుకుతున్నట్టు మందలించేవారు కూడా. తర్వాత అన్నం ముందు కూర్చుని, "ఎలా ఉందోయ్ ఇవాళ వాక్యం?" అని అడిగేవారు. "బాగుందండీ, కాకపోతే కూర చల్లారింది" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వే లేకపోతే ఆ రోజులు గడిచేవి కావు.

ఇప్పుడు పదిమంది దాకా వస్తున్నారు. వాళ్లొచ్చే ముందు సోఫా పడకగదిలోకి, కుర్చీలు హాల్లోకి. వాళ్లు వెళ్లాక కుర్చీలు లోపలికి, సోఫా బయటికి. మధ్యలో టీ. పాటలప్పుడు ఉంటాను. వాక్యం మొదలయ్యేసరికి పాలు పొంగే వేళవుతుంది. దేవుడి మాట నాకు ఎప్పుడూ గోడ అవతలి నుంచే, సగం వినిపిస్తుంది. మా అత్తయ్య ఫోన్లో అంటూ ఉంటుంది: "వాడు ఆత్మల్ని చూసుకుంటాడు, నువ్వు వాణ్ణి చూసుకో. రెండూ ప్రభువు పనేనమ్మా." ప్రేమగానే అంటుంది. మా సంఘంలో మా కోసం ప్రార్థన చేసేటప్పుడు అయ్యగారి పరిచర్య కోసం, అయ్యగారి వాక్యం కోసం, అయ్యగారికి తలుపులు తెరవబడాలని, ఆఖర్న అమ్మగారి ఆరోగ్యం కోసం ప్రార్థిస్తారు. అంతమంది ఇన్నేళ్లు నా ఆరోగ్యం కోసమే అడగబట్టి కాబోలు, ఈ గిన్నెలన్నీ మోయగలుగుతున్నాను.

ఇవాళ బాప్తిస్మం తీసుకునేది బస్సక్క. నేను పెట్టుకున్న పేరది. మా వీధిలోంచి వెళ్లే బస్సు నడుపుతుంది. వచ్చిన కొత్తలో ఒకసారి కూరగాయల సంచులతో ఎదురు దిక్కుకి వెళ్లే బస్సెక్కి, దిగాల్సిన చోటు తెలియక, చివరి స్టాపు దాకా వెళ్లిపోయాను. అందరూ దిగిపోయారు. నేను సంచులు ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. ఆవిడ స్టీరింగు దగ్గర్నుంచి లేచి వచ్చి, నా పక్క సీట్లో కూర్చుని, తన డబ్బా మూత తీసి సగం రొట్టె నా చేతిలో పెట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ తింది, నేనూ తిన్నాను. తిరుగు బస్సులో నన్ను మా గుమ్మం ఎదురుగా దింపింది, అక్కడ స్టాపు లేకపోయినా.

అప్పట్నుంచి మధ్యాహ్నాలు పని తెముల్చుకుని ఆ బస్సెక్కడం అలవాటైంది. చివరి స్టాపులో ఆవిడ భోజనం చేసేంత సేపు ఖాళీ బస్సులో మేమిద్దరమే. ఆ భాష నాకు అక్కడే వచ్చింది. ఆవిడ కొడుకు పోయిన సంగతి అక్కడే చెప్పింది. "నువ్వు తినే ముందు కళ్లు మూసుకుని ఎవరితో మాట్లాడతావు?" అని అడిగిందీ అక్కడే. చెప్పాను. నాకు వచ్చినంతలో చెప్పాను. ఒకరోజు తనే కళ్లు మూసుకుంది.

మా ఆయనకి ఆ సంగతి చెబితే పొంగిపోయారు. "నువ్వు విత్తనం వేశావు, ఇక నేను పాఠాలు మొదలుపెడతా" అన్నారు. ఆవిడ హాల్లో కుర్చీలో ఒద్దికగా కూర్చుని పాఠాలన్నీ వింది. ప్రతిదానికీ తలూపింది. తర్వాత వంటింట్లోకి వచ్చి, "మీ ఆయన చాలా మంచివాడు. ఏం చెప్పాడో నువ్వు మళ్లీ చెప్పు" అనేది.

పోయిన వారం చివరి స్టాపులో ఇంకో మాట చెప్పింది. చిన్నప్పుడు చెరువులో మునిగి చావు దాకా వెళ్లొచ్చిందట. అప్పట్నుంచి నీళ్లలో తల పెట్టలేదు. "మీ ఆయనకి చెప్పకు చెల్లీ. ఇంత బస్సు నడిపేదానికి తొట్టెడు నీళ్లంటే భయమా అని నవ్వుతాడు. నన్ను నువ్వే ముంచు. నీ చేతుల్లో అయితే ఉంటాను."

ఆ భయం సంగతి దాచి, మిగతాది ఈయనతో అన్నాను. ఈయన చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "నాకేం అభ్యంతరం లేదోయ్. కానీ మన సంఘంలో ఆడవాళ్లు ఇవ్వరు కదా. పైగా పెదనాన్న వస్తున్నాడు. నువ్వు పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడు, సరిపోతుంది."

తువ్వాలు! సరేనన్నాను. సరేననడంలో నాకు బాగా చెయ్యి తిరిగింది.

నీళ్లు వెచ్చబడ్డాయి. షెడ్డులో వేసిన కుర్చీలు నిండాయి. మావయ్యగారు ఫోను నిలువుగా పట్టుకుని ముందు వరుసలో కూర్చున్నారు, వీడియో మన ఊళ్లో సంఘానికి చూపించాలట. "అమ్మాయ్, నువ్వు కాస్త పక్కకి జరుగు, వాడు కనబడాలి" అన్నారు. జరిగాను.

ఈయన తొట్టిలో దిగి మోకాళ్ల మీద కూర్చున్నారు. బస్సక్క తెల్లబట్టల్లో దిగి, ఆయనకి అడ్డంగా కూర్చుంది. ఇద్దరితోనే తొట్టి నిండిపోయింది. అడిగిన ప్రశ్నలకి అన్నిటికీ గట్టిగా "అవును" అంది. ఈయన ఒక చెయ్యి వీపు కింద పెట్టి, వెనక్కి వాల్చబోయారు. బస్సక్క కట్టెలా బిగుసుకుపోయింది. రెండు చేతులా తొట్టి అంచు పట్టేసుకుంది. వేళ్లు తెల్లబడ్డాయి.

"భయం లేదమ్మా, ఒక్క క్షణం" అన్నారు ఈయన, ఆవిడ భాషలోనే, తప్పుల్లేకుండా. మళ్లీ వాల్చబోయారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మూడోసారి కళ్ల వెంబడి నీళ్లు.

మావయ్యగారు ఫోను దించారు. "ఒరేయ్, ఈవిడకి విశ్వాసం ఇంకా కుదిరినట్టు లేదు. బలవంతం వద్దు. వాయిదా వేసెయ్."

విశ్వాసం కుదరలేదట! పోయిన కొడుకు పేరు చెప్పి, ఆ బిడ్డని నీ దగ్గర పెట్టుకో తండ్రీ అని ఖాళీ బస్సులో ఆవిడ ప్రార్థించడం నేను విన్నాను. అంతకంటే కుదిరిన విశ్వాసం నాలోనూ లేదు. ఇవాళ ఆవిణ్ణి ఇలా లేపి పంపేస్తే ఈ గుమ్మం మళ్లీ తొక్కదు. అవమానంతో కాదు, తను పనికిరాలేదనుకుని. నా చేతిలో తువ్వాలు. ప్రభువా, నియమం నీదో మావయ్యగారిదో నాకు తెలియదు, పెద్దగా చదువుకున్నదాన్ని కాను. కానీ మునిగిపోతున్న మనిషికి చెయ్యి ఇచ్చే ముందు నువ్వు ఎవరినైనా అడిగావా?

"చెల్లీ" అంది బస్సక్క.

తువ్వాలు మా అమ్మాయి చేతిలో పెట్టి, కొంగు నడుముకి దోపుకుని, తొట్టి దగ్గరకి వెళ్లాను. "ఈవిడకి చిన్నప్పట్నుంచీ నీళ్లంటే భయమండీ" అన్నాను మెల్లగా.

ఈయన నా ముఖంలోకి చూశారు. తర్వాత బస్సక్క వేళ్ల వంక, ఆ తర్వాత తొట్టి వంక చూశారు.

"ముగ్గురికి చోటు లేదోయ్" అన్నారు.

అని, అంచు పట్టుకుని లేచారు. ప్యాంటులోంచి నీళ్లు ధారగా కారుతుండగా బయటికి దిగి, నేను ఎక్కడానికి చెయ్యి ఇచ్చారు.

"ఒరేయ్! ఏం చేస్తున్నావురా?" మావయ్యగారు లేచి నిలబడ్డారు.

"చోటు చాలట్లేదు పెదనాన్నా" అన్నారు ఈయన, వణుకుతూ.

చీర నీళ్లలో బరువెక్కింది. బస్సక్క వీపు కింద చెయ్యి పెట్టాను. ఆవిడ అంచు వదిలి నా మోచెయ్యి పట్టుకుంది. ఆ మాటలు ఎన్నోసార్లు గోడ అవతలి నుంచి విన్నాను గానీ, నా నోటితో ఎప్పుడూ అనలేదు. తండ్రి నామంలో, కుమారుని నామంలో, పరిశుద్ధాత్మ నామంలో. ఆవిడ భాషలోనే అన్నాను. ఆవిడ బరువంతా నా చేతుల మీదికి వచ్చింది. నీళ్లు ముఖం మీద మూసుకున్నాయి. తెరుచుకున్నాయి. దగ్గుతూ, నవ్వుతూ, నా మెడ చుట్టూ చేతులేసి ఏడ్చింది. షెడ్డులో అందరూ చప్పట్లు. మా ఆయన అందరికంటే గట్టిగా.

చప్పట్లు తగ్గాక మావయ్యగారు గొంతు సవరించుకున్నారు. కోపంగా లేరు, ఇరకాటంలో ఉన్నారు, పాపం. "ఒరేయ్ నాన్నా, భయం పోయింది కదా, సంతోషం. ఇప్పుడు నువ్వు దిగి పద్ధతిగా ఇంకోసారి ఇచ్చెయ్. ఇది చెల్లదు. నేను వీడియో తీస్తా."

"ఏమంటున్నాడు ఆ పెద్దాయన?" అంది బస్సక్క. చెప్పాను. ఆవిడ మళ్లీ నా మోచెయ్యి పట్టుకుంది.

నేను అలవాటు కొద్దీ ఈయన వంక చూశాను. జవాబు ఎప్పుడూ ఆయనే కదా చెప్పేది. ఆయన మా అమ్మాయి చేతిలో తువ్వాలు తీసుకుని, విప్పి, మా ఇద్దరి కోసం పట్టుకుని నిలబడ్డారు.

"నన్ను చూస్తావేం? నీళ్లలో ఉన్నది నువ్వు. నువ్వే చెప్పు" అన్నారు.

మావయ్యగారి ఎదురుగా నేను గొంతెత్తి మాట్లాడింది లేదు. ఇప్పుడూ ఎత్తలేదు.

"బాప్తిస్మం ఒక్కసారే కదండీ మావయ్యగారూ," అన్నాను. "అయిపోయింది."