అడిగినప్పుడు చెప్పిన మాట

కుర్చీలో వెనక్కి వాలిన పెద్దాయన నోరు బార్లా తెరిచి, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. జ్ఞానదంతం అడ్డంగా పెరిగి దవడలో ఇరుక్కుంది. చిగురు కోసి, పన్నును రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ బయటికి తీసి, చివరికి కుట్లు వేసేదాకా పని చేసిన చేతులు ఒకరివి. పక్కన నిలబడి, "అయిపోవచ్చిందండీ, ఇంకాస్త ఓర్చుకోండి" అని ధైర్యం చెప్పిన నోరు ఇంకొకరిది. లేచి వెళుతూ పెద్దాయన కృతజ్ఞతలు చెప్పింది ఆ ధైర్యం చెప్పిన మనిషికే.

ఆవిడ ఆ పళ్ళ ఆసుపత్రి యజమానురాలు. ఆ ఊళ్ళో ఉన్న మనవాళ్ళందరికీ డాక్టరక్క. పని చేసిన అమ్మాయి కొన్నేళ్ళ కిందట భర్తతో కలిసి ఈ దేశం వచ్చిన పళ్ళ డాక్టరు. పుట్టినచోట సొంతంగా ఆసుపత్రి నడిపిన మనిషి. ఇక్కడ తలుపు మీద ఆమె పేరు లేదు. భర్త ఒక్కడే ఇంట్లో వేళాకోళంగా చిన్న డాక్టరమ్మ అని పిలిచేవాడు. మనమూ అలాగే పిలుద్దాం.

పెద్దాయన వెళ్ళాక డాక్టరక్క వెనక గదిలో తన అన్నం డబ్బా తెరిచి సగం చిన్న డాక్టరమ్మ పళ్ళెంలో వేసింది. "తిను. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. మీ ఆయన నిన్ను సరిగ్గా చూసుకోవట్లేదా?" అంది. చూసేవాళ్ళకు ముచ్చటేసే దృశ్యం. మనవాళ్ళు మనవాళ్ళకు ఇంత చేస్తారా అనిపిస్తుంది. ఈ కథ ఆ ముచ్చట గురించే.

నిజం చెప్పుకోవాలి. డాక్టరక్క చాలా చేసింది. వాళ్ళు రెండు పెట్టెలతో దిగిన రోజున తన ఇంటి మేడ మీద గది ఇచ్చింది. బస్సు ఎక్కడ ఎక్కాలో, ఇక్కడి పళ్ళ డాక్టర్ల పరీక్షకు ఏ పుస్తకాలు చదవాలో చెప్పింది. చిన్న డాక్టరమ్మకు టైఫాయిడ్ వస్తే పక్కన కూర్చుని గంజి తాగించింది. పరీక్ష పాసయ్యాక, ఇంకో డాక్టరు పర్యవేక్షణలో కొంతకాలం పనిచేయాలన్న నిబంధన ఉంటే, "ఎక్కడికో ఎందుకు, నా దగ్గరే చెయ్యి" అంది. ఆ గడువు ఎప్పుడో ముగిసింది. ఇక ఎక్కడైనా పూర్తిస్థాయి డాక్టరుగా చేరవచ్చు. తలుపు మీద పేరు మాత్రమే మిగిలింది, ఆ పేరు కోసమే ఆమె సముద్రాలు దాటి వచ్చింది.

"మన ఇంట్లో ఇద్దరం చదువుకున్నవాళ్ళమే. ఈ ఊరికే ఆ సంగతి ఇంకా తెలీదు" అని నవ్వేవాడు భర్త. అతను గోదాములో సరుకు ఎత్తుతూ తన చదువుకు తగ్గ పని వెతుక్కుంటున్నాడు.

ఇక్కడ మరో సంగతి చెప్పాలి. ఒకరోజు చిగురుకు మత్తు ఇంజెక్షన్ ఇవ్వబోతూ డాక్టరక్క ఆగిపోయింది. సూది కొన సన్నగా వణుకుతోంది. చిన్న డాక్టరమ్మ మాట్లాడకుండా సూది అందుకుని పని పూర్తి చేసింది. "రాత్రి నిద్ర లేదు" అంది డాక్టరక్క. ఆ తర్వాత నిద్ర బాగా పట్టిన రోజుల్లోనూ చెయ్యి వణికింది. నెమ్మదిగా కోతలు, కుట్లు, పంటి వేర్ల చికిత్సలు అన్నీ చిన్న డాక్టరమ్మ చేతికి వచ్చాయి. "చెయ్యి, నీకూ అలవాటవుతుంది" అనేది అక్క. పెద్దావిడ పరువు కాపాడాలని చిన్న డాక్టరమ్మ ఈ సంగతి కట్టుకున్న భర్తకు కూడా చెప్పలేదు.

ఈలోగా వేరే చోట్ల ఉద్యోగాలకు ప్రయత్నించసాగింది. "వెళ్ళాల్సిందే, ఎన్నాళ్ళని నా కొంగు పట్టుకుని తిరుగుతావు?" అని డాక్టరక్కే ప్రోత్సహించింది. ఈ దేశంలో ఇంటర్వ్యూ బాగా చేసినంతమాత్రాన సరిపోదు. నువ్వు ఇదివరకు ఎవరి దగ్గర పనిచేశావో వాళ్ళకు ఫోన్ చేసి, ఈ మనిషి ఎలాంటిదని అడుగుతారు. వాళ్ళు మంచిదంటేనే ఉద్యోగం. ఎవరి పేరు ఇవ్వాలి అన్న ఆలోచన కూడా చిన్న డాక్టరమ్మకు రాలేదు. సొంత అక్కలాంటి మనిషి ఉండగా ఇంకొకరెందుకు?

మొదటిచోట నవ్వుతూ మాట్లాడారు, రేపోమాపో చేరమంటారనిపించింది. వారం తిరక్కముందే వద్దన్నారు. రెండోచోటా అదే జరిగింది. కారణం చెప్పరు. ఇంకొకరిని తీసుకున్నామంటారు, అంతే.

రెండోసారి వెనక గదిలో కూర్చుని చిన్న డాక్టరమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. డాక్టరక్క దగ్గరికి తీసుకుంది. "ఊరుకో. నీ మాటతీరు వాళ్ళకి ఎక్కట్లేదేమో. మన యాస వాళ్ళకి కొత్త కదా. ఇంకో ఏడాది నా దగ్గరుంటే అన్నీ కుదురుకుంటాయి" అని తల నిమిరింది.

ఆ మాటను చిన్న డాక్టరమ్మ నమ్మింది. అప్పటినుంచి గొంతు తగ్గించింది. అద్దం ముందు నిలబడి ఒక్కో మాటా పలికి చూసుకునేది. బస్సులో ఎవరైనా పలకరిస్తే నవ్వి ఊరుకునేది. పదిమంది జూనియర్లకు పాఠం చెప్పిన మనిషి దుకాణంలో సబ్బు అడగడానికి కూడా భర్తను ముందుకు తోసేది. "ఏమైంది నీకు? వచ్చిన కొత్తలోనే నయం, గడగడా మాట్లాడేదానివి" అన్నాడతను ఒకరోజు.

మూడోది ఊళ్ళోకెల్లా పెద్దాసుపత్రి. అక్కడ మాటలతో సరిపెట్టలేదు. దంతవైద్య విభాగానికి అధికారి అయిన ఆవిడ, జుట్టు నెరిసిన మనిషి, ఒక బొమ్మ దవడ ముందుపెట్టి, ఇరుక్కున్న పన్ను తీసి కుట్లు వేసి చూపించమంది. చిన్న డాక్టరమ్మ గొంతు ఎంత బిడియపడినా చేతులకు బిడియం లేదు. పూర్తయ్యాక అధికారి ఆ కుట్లను దీపం కింద పెట్టి చూసింది. తలపంకించింది.

తర్వాత కొద్దిరోజులకు ఆవిడే పిలిపించింది. గది తలుపు మూసి, కాసేపు ఎలా మొదలుపెట్టాలో తెలియనట్టు కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"నిన్ను ఒక ప్రశ్న అడుగుతానమ్మా. ఏమీ అనుకోకు. నీ చేతులు వణుకుతాయా?"

చిన్న డాక్టరమ్మ తన చేతులకేసి చూసుకుంది. "లేదండీ. ఎందుకలా అడుగుతున్నారు?"

"ఎవరు ఏం చెప్పారన్నది నీకు చెప్పకూడదు, అది మా నిబంధన. నేను చెప్పను. కానీ నేను విన్నదానికీ కళ్ళతో చూసినదానికీ పొంతన లేదు. నీ పని తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళ పేరివ్వు."

చెప్పనంటూనే ఆవిడ చెప్పేసింది. చిన్న డాక్టరమ్మ ఇచ్చింది ఒకే ఒక్క పేరు. చేతులు వణకడమన్న మాట ఈ ఊళ్ళో ఇంకెవరికి తడుతుంది? తను ఎవరి వణుకును మొగుడి దగ్గర కూడా దాచిందో, ఆ మనిషే ఆ వణుకును తీసుకొచ్చి తన పేరున రాసింది. పోయిన రెండు ఉద్యోగాలూ ఎలా పోయాయో తెలిసింది. వద్దన్నవాళ్ళు తన యాసను కాదు, ఆ ఫోన్‌లోని గొంతును విన్నారని అప్పుడు అర్థమైంది. ఎవరు తన కొంప ముంచారో వాళ్ళ భుజం మీదే తలపెట్టి ఏడ్చింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో ఆమెకు ఇంకొకరు చెప్పక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం చివరి రోగి వెళ్ళిపోయాక డాక్టరక్క రోగుల పళ్ళకు అచ్చులు తీసి చేసిన దవడ బొమ్మలను అలమరలో సర్దుతోంది.

"అక్కా, నా చేతులు వణుకుతాయా?" అంది చిన్న డాక్టరమ్మ.

డాక్టరక్క తిరిగి చూడలేదు. "ఎవరు చెప్పారు నీకు?"

అదేం ప్రశ్న అనలేదు. నీకా, వణుకా అని ఆశ్చర్యపోలేదు. ఎవరు చెప్పారు అంది. అప్పటిదాకా లోపలెక్కడో, ఏదో పొరపాటు జరిగి ఉంటుందిలే అన్న ఆశ ఒకటి ఉండేది. అదీ పోయింది.

"నీ గురించి చెడ్డగా ఒక్క ముక్క అనలేదు" అంది డాక్టరక్క. "బంగారంలాంటి పిల్ల అన్నాను. కంగారుపడితే చెయ్యి కాస్త వణుకుతుంది, ఇంకో ఏడాది ఆగితే సర్దుకుంటుంది అన్నానంతే."

"అంతేనా అక్కా?"

"మరేం చెయ్యమంటావు? ఈ గోడలు కట్టుకోవడానికి నాకు ఎన్నేళ్ళు పట్టిందో తెలుసా నీకు? నాకెవరూ గది ఇవ్వలేదు, గంజి ఇవ్వలేదు. నువ్వు వెళ్ళిపోతే మర్నాడు ఇక్కడ కత్తి పట్టేదెవరు? నా చెయ్యి సంగతి బయటపడితే నా గతేమిటి?"

"ఆ మాటేదో నాతో అనుంటే సరిపోయేది కదా."

"అంటే ఉండేదానివా?"

"ఉండేదాన్ని" అంది చిన్న డాక్టరమ్మ. "మీరు అడిగితే ఉండేదాన్ని అక్కా. ఏడాది కాదు, ఎన్నాళ్ళు ఉండమంటే అన్నాళ్ళూ. మీరు అడగలేదు. నన్ను కట్టేశారు. పైగా తప్పు నా నాలుకదని నన్నే నమ్మించారు. ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది. ఇంత కాలం నోరు విప్పడానికి భయపడుతూ బతికానే, ఆ కాలం ఎవరు తిరిగిస్తారు?"

డాక్టరక్క చేతిలోని దవడ బొమ్మ అలమర అంచుకు తగిలి టకటకమంటోంది. చిన్న డాక్టరమ్మ అలవాటుగా దాన్ని అందుకుని లోపల పెట్టింది.

"ఇకమీదట మీరు ఎవరి నోట్లోనూ సూది పెట్టొద్దు. అది మాత్రం మాటివ్వండి. లేదంటే నేనే చెప్పాల్సివస్తుంది" అని తన సంచీ తీసుకుని బయటికి నడిచింది. మేడ మీది గది ఆ నెలలోనే ఖాళీ చేశారు. సంగతి విన్న భర్త, ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళమాడే మనిషి, ఆ రోజు నవ్వకుండా పెట్టెలకు తాళ్ళు బిగించాడు.

ఇక్కడి పరీక్షకు చదివేటప్పుడు తనకు పాఠం చెప్పిన గురువుగారి పేరు ఆమె పెద్దాసుపత్రికి ఇచ్చింది. ఉద్యోగం వచ్చింది. తలుపు మీద పేరూ వచ్చింది. ఆ పేరు చూసినప్పుడు పడాల్సినంత సంతోషం మాత్రం ఆమె పడలేకపోయింది.

కొంతకాలానికి మనవాళ్ళ సంఘం డాక్టరక్కకు సన్మానం తలపెట్టింది. కొత్తగా వచ్చినవాళ్ళకు పెద్దదిక్కుగా నిలిచినందుకట. ఆవిడ కత్తి వదిలేసి, కొత్తగా వచ్చిన మరో అమ్మాయిని పెట్టుకుని ఆసుపత్రి నడుపుతోంది. జరిగింది తెలియని సంఘం పెద్ద చిన్న డాక్టరమ్మకు ఫోన్ చేసి, "ఆవిడ చేతి చలవతో పైకొచ్చినదానివి. నువ్వు మాట్లాడకపోతే ఎలా?" అన్నాడు.

"వెళ్ళకు" అన్నాడు భర్త. "పొగిడితే నీ కడుపు మండుతుంది. తిడితే ఊరంతా నిన్ను విశ్వాసం లేని మనిషంటుంది."

"నన్ను అడిగారు. అడిగినప్పుడు చెప్పాలి కదా" అని ఆమె వెళ్ళింది.

హాలు నిండింది. ముందు వరసలో డాక్టరక్క దగ్గర పనిచేసే కొత్త అమ్మాయి పూలగుత్తి పట్టుకుని కూర్చుంది. వేదిక మీద డాక్టరక్క రెండు చేతులూ ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంది. చిన్న డాక్టరమ్మ మైకు దగ్గరికి వచ్చి, చాలాకాలం తర్వాత, గొంతు తగ్గించుకోకుండా మాట్లాడింది.

"ఒక మనిషి గురించి నలుగురూ అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అక్క గురించి నన్ను అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఈ ఊళ్ళో నాకు మొదటి అన్నం పెట్టింది అక్క. జ్వరం వస్తే గంజి తాగించింది అక్క. నేను నా కాళ్ళ మీద నిలబడబోతే, నా గురించి అడిగినవాళ్ళకు అబద్ధం చెప్పి ఆపిందీ అక్కే. ఇవన్నీ నిజాలే. మొదటివి చెప్పి చివరిది దాస్తే మీరంతా చప్పట్లు కొడతారు. చివరిది చెప్పి మొదటివి దాస్తే నా కడుపుమంట తీరుతుంది. రెండిట్లో ఏది చేసినా నేనూ ఆ ఫోన్‌లో మాట్లాడిన మాటే మాట్లాడినట్టు. కొత్తగా వచ్చిన పిల్లలకు ఒక్కటే చెబుతున్నాను. సాయం తీసుకోండి, జన్మంతా గుర్తుపెట్టుకోండి. కానీ మీ మంచిచెడ్డలు చెప్పే నోరు ఒక్కటే ఉండేలా బతకొద్దు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలో ఎవరో "ఎంత పొగరు" అన్నారు. సంఘం పెద్ద మైకు కోసం తడుముకుంటుంటే డాక్టరక్క లేచి తానే అందుకుంది. వేళ్ళు వణుకుతున్నాయి. ఈసారి దాచలేదు.

"ఆ అమ్మాయి చెయ్యి ఎన్నడూ వణకలేదు. వణికింది నాది" అంది. మైకు సంఘం పెద్ద చేతికిచ్చి కూర్చుంది. ముందు వరసలోని కొత్త అమ్మాయి పూలగుత్తి ఒళ్ళో పెట్టుకుని ఒకసారి వేదికకేసీ, ఒకసారి చిన్న డాక్టరమ్మకేసీ చూసింది.

వాళ్ళిద్దరూ మళ్ళీ కలిసిపోయారని రాస్తే చదవడానికి హాయిగా ఉంటుంది. కలవలేదు. ఎదురుపడితే పలకరించుకుంటారు, అంతే. పరాయివాళ్ళు చేసిన గాయమైతే ఈపాటికి మానేదేమో.

ఈ కథ చదువుతున్న మనలో చాలామంది ఎవరో ఒకరికి డాక్టరక్కలమే. కొత్తగా వచ్చినవాళ్ళకు గది చూపిస్తాం, దారి చెబుతాం, అన్నం పెడతాం. మంచిదే, పెట్టండి. కానీ వాళ్ళు రెక్కలొచ్చి ఎగరబోయే రోజున ఎవరో ఒకరు ఫోన్ చేసి, ఈ మనిషి ఎలాంటిదని మనల్ని అడుగుతారు. అంతవరకూ మనం చేసింది సాయమో బేరమో అప్పుడు మన నోటినుంచి వచ్చే ఆ ఒక్క మాటతోనే తేలిపోతుంది.