మెట్ల పద్ధతి

లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా పదకొండేళ్ల ఉద్యోగంలో ఆమె రెండువేల పైచిలుకు లిఫ్టులకు భద్రమని సంతకం పెట్టింది. వాటిలో ఒక్కదాంట్లోనూ కాలు పెట్టలేదు.

లిఫ్టులంటే ఆమెకు భయం లేదు. వేరేవాళ్లు సంతకం పెట్టినవైతే నిశ్చింతగా ఎక్కేది, లోపలి అద్దంలో జుట్టు కూడా సర్దుకునేది. సర్టిఫికెట్టు అడుగున తన పేరు కనిపిస్తేనే గుండె జారేది. పరీక్షలో అదృష్టంకొద్దీ తెలిసిన ప్రశ్నలే వచ్చాయి. ఇంటర్వ్యూలో ప్రశ్నలడగాల్సిన పెద్దాయనకు నిద్ర పట్టేసింది. ఉద్యోగం అలా వచ్చింది. ఇన్నాళ్లూ ఏ లిఫ్టూ పడిపోలేదంటే అది ఆ లిఫ్టుల మంచితనం. ఏదో ఒకనాడు ఎవరో వచ్చి, "అమ్మా, మేం పిలిచింది నిన్ను కాదు," అంటారని ఎదురుచూస్తూ, వాళ్లు వచ్చేదాకా జాగ్రత్తగా పనిచేసేది. తాడు మందం ఎవరైనా ఒకసారి కొలుస్తారు. ఆమె మూడుసార్లు కొలిచేది.

పైన మెషిన్ గదిలో, కింద గోతిలో పనంతా తానే చూసుకునేది. లిఫ్టును నడిపి చూడాల్సి వచ్చినప్పుడు మాత్రం మెకానిక్‌ని లోపల నిలబెట్టి, తాను మెట్లమీద ఒక్కో అంతస్తూ ఎక్కుతూ, ఊరికే నిలబడితే బాగుండదని తలుపుకు చెవి ఆనించేది. దీంతో ఆఫీసులో కథలు పుట్టాయి. చెవితోనే తాడు వయసు చెప్పేస్తుందట. కొత్తగా చేరినవాళ్లు కూడా ఆయాసపడుతూ మెట్లెక్కి తలుపులకు చెవులు ఆనించడం మొదలుపెట్టారు. పోయిన నెలలో పెద్దాఫీసరు దీనికి 'మెట్ల పద్ధతి' అని పేరు పెట్టి, శిక్షణలో చేర్చడానికి ఒక పాఠం రాసిమ్మని ఉత్తరం పంపాడు. ఆ ఉత్తరం చూశాక ఆమెకు రెండ్రోజులు అన్నం సహించలేదు.

సరిగ్గా అప్పుడే పిన్ని ఉండే అపార్టుమెంటు ఆమె వంతుకు వచ్చింది.

పిన్ని ఉండేది ఆరో అంతస్తులో. మోకాళ్లు అరిగిపోయాయి. మరమ్మతుకని లిఫ్టు ఆపి మూడు వారాలైంది. ఆ మూడు వారాలూ పిన్ని కొత్త పళ్లసెట్టు రెండు వీధుల అవతల డాక్టరు దగ్గర డబ్బాలో ఉండిపోయింది, పిన్నేమో పైన మెత్తగా నలిపినవే మింగుతూ ఉండిపోయింది. దాన్ని నోట్లో పెట్టి సరిచూడాల్సిన ఆ డాక్టరు ఈరోజు పన్నెండింటికి నెల్లాళ్ల సెలవుమీద వెళ్లిపోతున్నాడు.

పదకొండుకల్లా పరీక్షలన్నీ అయ్యాయి. ఆరో అంతస్తులో లిఫ్టు ముందే నిలబడి ఆమె సంతకం పెట్టి, కాగితం అసోసియేషన్ సెక్రటరీ చేతికిచ్చింది. పిన్ని చేతిసంచీతో తయారుగా ఉంది.

"పద," అంది పిన్ని.

"నువ్వు ఎక్కు పిన్నీ. నేను మెట్లమీద వచ్చేస్తా."

"ఎందుకూ?"

"ఆరోగ్యానికి మంచిది."

"నీ ఆరోగ్యానికా, నా ఆరోగ్యానికా?"

మెకానిక్ తల నెరిసిన మనిషి. గౌరవంగా కల్పించుకున్నాడు. "అది మేడంగారి పద్ధతమ్మా. మెట్ల పద్ధతి."

"పద్ధతా? చిన్నప్పుడు గాజుగ్లాసు పగలగొట్టినప్పుడల్లా ఇది మెట్లెక్కి డాబామీద కూచునేది. అదీ ఈ పద్ధతేనా నాయనా?" పిన్ని గుమ్మంలోంచి కుర్చీ లాక్కొచ్చి లిఫ్టుకు ఎదురుగా వేసుకుని కూర్చుంది. "వండినావిడ ముట్టని కూర నేను ముట్టను. సంతకం పెట్టినావిడ ఎక్కందే నేనూ ఎక్కను."

సెక్రటరీ చేతిలోని కాగితాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. "ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి మేడం. ముప్పైరెండు కుటుంబాలం."

ఆమె పిన్ని చెవి దగ్గరకు వంగింది. "నాకేం తెలీదు పిన్నీ. తెలుసని అందరూ అనుకుంటున్నారంతే. ఇందులో ఏదో ఒకటి చూడకుండా వదిలేసే ఉంటాను."

పిన్ని గొంతు తగ్గించే మనిషి కాదు. "ఏం వదిలేశావు?"

"తెలీదు."

"తాడు చూశావా?"

"మూడుసార్లు."

"తెగితే?"

"తెగదు. నాలుగున్నాయి, ఒక్కటున్నా మోస్తుంది. నాలుగూ పోయినా, వేగం హద్దు దాటగానే కింద దవడల్లాంటివి రెండుపక్కలా ఉన్న పట్టాల్ని కరుచుకుంటాయి. పొద్దున కరిపించి చూశాను."

"దానికైనా పళ్లున్నాయన్నమాట. తలుపు?"

"తెరుచుకుని ఉంటే లిఫ్టు కదలదు. ఏడు తలుపులూ చూశా."

"బ్రేకు?"

"నిండు బరువుమీద రెండుసార్లు."

"మరి నీ అనుమానం ఎక్కడుందే? వేలుపెట్టి చూపించు. ఆయన విప్పి చూస్తాడు."

ఆమె వేలెత్తింది. తాడు వైపా, కాదు. తలుపు వైపా, కాదు. వేలు వాలే చోటు దొరకని ఈగలా గాలిలో కాసేపు తిరిగి, చివరికి తన చొక్కా బొత్తాం మీద ఆగింది. అనుమానం లిఫ్టులో ఎక్కడా లేదు. పదకొండేళ్లుగా అది ఇక్కడే కాపురం పెట్టింది. దాన్ని విప్పే పానా మెకానిక్ సంచిలో ఉండదు.

"అక్కడా?" అంది పిన్ని. "సరే, దాన్నీ తీసుకురా. ఎంతమందిని మోస్తుందిది?"

"ఎనిమిదిమందిని."

"బోలెడు జాగా. పద."

భయం పోయాక ఎక్కుదామని ఆమె ఇన్నేళ్లూ ఆగింది. భయం పోలేదు. ఎక్కింది.

వెనకే మెకానిక్, సెక్రటరీ ఎక్కారు. తలుపులు మూసుకున్నాయి. ఆమె కళ్లు మూసుకుంది. పిన్ని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది, ధైర్యం చెప్పడానికి కాదు, నిలబడటానికి. మూడో అంతస్తు దాటుతుండగా ఎడమవైపు చిన్న రాపిడి వినిపించింది. ఆమె కళ్లు తెరిచింది. మెట్లమీద నిలబడి ఎన్నేళ్లు విన్నా వినిపించే చప్పుడు కాదది.

కింద తలుపు తెరుచుకోగానే పిన్ని అడుగు ముందుకేసింది. ఆమె చెయ్యి అడ్డుపెట్టి నాలుగు నొక్కింది.

"ఎక్కడికే?"

"ఒక్కసారి పిన్నీ."

వెళ్లారు, వచ్చారు. మళ్లీ వెళ్లారు. ఆమె మోకాళ్లమీద కూర్చుని ఎడమగోడకు అరచెయ్యి ఆనించింది. మెకానిక్ కూడా ఆనించి తలూపాడు.

"ఎక్కనన్న మనిషి ఇప్పుడు దిగనంటోంది," అంది పిన్ని సెక్రటరీతో. "డాక్టరు పోతాడే. దింపవే నన్ను."

మూడోసారి కిందికి వచ్చాక ఆమె కాగితం వెనక్కి తీసుకుని, సంతకం కింద రాసింది: ఎడమ పట్టాను పట్టి నడిచే షూ అరిగింది, వారంలో మార్చాలి, ప్రమాదం లేదు.

సెక్రటరీ చదివాడు. "ప్రమాదం లేదని ఎలా చెప్పగలరు మేడం?"

"అది చెప్పడమే నా పని. అరిగితే చప్పుడు చేస్తుంది, లిఫ్టు పడదు."

ఇంత తొణక్కుండా మాట్లాడినదెవరా అని ఆమె పక్కకు చూసింది. పక్కన ఎవరూ లేరు. పిన్ని అప్పటికే గేటు దాటి, ఆ మోకాళ్లతో వీలైనంత వేగంగా పళ్లవైపు నడుస్తోంది.