నన్ను దాటని నీళ్లు

నేను ఒక పొరను. గొట్టం చుట్టూ నన్ను చాపలా చుట్టి, నల్లగొండ వైపు ఒక ఊరి నీళ్ల ప్లాంటులో బిగించారు. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ఆ ఊరి ఈదమ్మ మోకాళ్లు వంకరపోయింది ఆ నీళ్లతోనే. మనవరాలు మౌనిక పళ్ల మీద మచ్చలు చూసి డాక్టరు, ఇక ప్లాంటు నీళ్లే తాగించమన్నాడు. అప్పటినుంచి ఈదమ్మ రోజూ క్యాన్ పట్టుకొని వచ్చేది.

నాకు ఒకవైపు మంచినీళ్లు, మరోవైపు ఉప్పునీళ్లు ఉంటే, మంచినీళ్లు నన్ను దాటి ఉప్పు వైపుకే పోతాయి. ఉప్పు పెరిగేకొద్దీ ఆ లాగుడు పెరుగుతుంది. దాన్ని ఆపడానికి కావలసిన ఒత్తిడే ద్రవాభిసరణ పీడనం. పంపు అంతకు మించి నొక్కితే నీళ్లు ఎదురు నడుస్తాయి. ఉప్పూ ఫ్లోరైడూ ఇవతలే ఆగిపోతాయి. నా ఉద్యోగం అంతే.

ఎండాకాలం బోరు అడుగంటింది. నీళ్లలో ఉప్పు పెరిగింది, దాటాల్సిన ఆ పీడనమూ పెరిగింది. పంపు మాత్రం ఎప్పటిలాగే నొక్కింది. పైగా నా మీద సున్నం పేరుకుంది. సున్నం మీద జిగురు పట్టింది. నన్ను కడిగే మందు డబ్బా గదిలోనే ఉంది. ప్లాంటు నడిపే లింగస్వామి దాని మీద కూర్చొని చాయ్ తాగేవాడు.

ధార సన్నబడింది. లైను పెరిగింది.

"ఏంది స్వామీ, నీళ్లు దారం లెక్కొస్తున్నయ్?"

"వచ్చినయి సుత చప్పగున్నయ్!"

లింగస్వామి ఒక పైపు తగిలించాడు. బోరు నీళ్లు నన్ను తప్పించుకొని నేరుగా ట్యాంకులో కలిశాయి.

మర్నాడు ఒకాయన గుక్క తాగి మెచ్చుకున్నాడు: "గిప్పుడు నీళ్లు నీళ్ల లెక్కున్నయ్!"

లింగస్వామి మీసం దువ్వాడు. ఆ పైపు వాల్వు ఇంకాస్త తిప్పాడు. ఫ్లోరైడ్‌ను నాలుక పసిగట్టలేదు. నాలుకతో నీళ్లను పరీక్షించే మనుషులంటే నాకు రోత.

చివరికి నన్ను ఊడబెరికి గోడవారన పడేశాడు. కొత్తది బిగించలేదు. నల్లా ఆగలేదు.

ఒకనాడు పొద్దున ఈదమ్మ మనవరాలితో వచ్చి నా దగ్గర ఆగింది.

"గిదేంది కొడుకా?"

"పాత సామాను అవ్వా."

"మరి నీళ్లు మంచియేనా? పోరికి తాగించేటియి."

"ఊరంత తాగుతలేదా? ఫస్ట్ క్లాస్."

ఈదమ్మ క్యాన్ మూతలో నీళ్లు పట్టి మౌనికకు ఇచ్చింది. పిల్ల నా కంపుకు ముక్కు మూసుకుంది. ఆ నీళ్లు గటగటా తాగి, మూత మళ్లీ చాపింది.

"బాగున్నయ్ నానమ్మా. ఇంకొంచెం."