జవాబు వచ్చేదాకా

హెల్మెట్ పట్టీని గడ్డం కింద బిగించుకుని దిల్‌బహదూర్ లిఫ్టు పైకప్పు మీద కుడికాలు పెట్టాడు. ఎడమకాలు ఇంకా పదో అంతస్తు గచ్చు మీదే ఉంది. రెండింటికీ మధ్య బెత్తెడు సందు. అందులోంచి గ్రీజు వాసనతో చల్లగాలి పైకి కొడుతోంది. చూడకూడదనుకుంటూనే చూశాడు. అడుగు కనబడలేదు. అంతా నలుపు.

“గా సందుల ఏమున్నదని చూస్తున్నవ్? కాలు తియ్యి, దిల్లూ,” అన్నాడు వెనక నుంచి ఐలయ్య.

రెండో కాలు కూడా తీశాడు. కప్పు కొద్దిగా ఊగింది. చేతికి దగ్గరగా ఉన్న ఇనుపతాడును పట్టుకోబోయి, తాడు ముట్టుకోవద్దని ఉస్తాద్ ఐలయ్య మొదటిరోజే చెప్పిన సంగతి గుర్తొచ్చి, కప్పు మీది అడ్డదూలాన్ని పట్టుకున్నాడు. అరచెయ్యి చెమటకు జారింది.

హైటెక్ సిటీలో శనివారం ఆఫీసులుండవు. ఈ అద్దాల భవనంలో కింద గేటు దగ్గర ఒక గార్డు తప్ప ఎవరూ లేరు. లిఫ్టుల మరమ్మతు పనులన్నీ అందుకే శనివారానికి పెట్టుకుంటారు.

“ఇయ్యాల నువ్వొక్కనివే. నేను మీద మెషిన్ రూమ్‌ల ఉంట,” అన్నాడు ఐలయ్య. “లిఫ్టు జారే రైలు పట్టా తుడుసుకుంట, నూనె పెట్టుకుంట దిగు. దిగేముందు ‘కిందికి’ అని కేకెయ్యి. నేను ‘కిందికి’ అని మళ్ల అన్నంకనే బటన్ ఒత్తు. ఎందుకు?”

“మీ చెయ్యి మెషిన్‌లో ఉంటది.”

“ఆఁ. నా చెయ్యి పోతే మా ఇంటామెకు నువ్వే చెప్పుకోవాలె.”

ఐలయ్య నవ్వబోయి, ఛాతీ మీద రుద్దుకుని తేన్చాడు. యాభై దాటిన మనిషి. రంగేసిన మీసం, బిగుతైన కంపెనీ చొక్కా. “రాత్రి బోటీకూర తిన్న. పొద్దుగాల నుంచి గ్యాస్ పట్టుకున్నది,” అంటూ మెట్లెక్కి వెళ్లిపోయాడు.

దిల్‌బహదూర్ చెప్పాలనుకున్న మాట చెప్పకుండానే మిగిలింది. ఉస్తాద్, ఈ పని నాతోని కాదు. బోరబండలో రైలెక్కిన దగ్గర నుంచి ఆ ఒక్క వాక్యాన్నే తెలుగులో కూడబలుక్కుంటూ వచ్చాడు. టీ కొట్టు దగ్గర “ఉస్తాద్, ఒక మాట” అని మొదలుపెట్టాడు కూడా. “పనయినంక చెప్పు” అని ఐలయ్య సోడా గటగటా తాగేశాడు.

నేపాల్‌లో, పడమటి కొండల్లోని అఛామ్ జిల్లాలో ఒక పల్లె అతని ఊరు. మీసం మొలవకముందే మేనమామ వెంట హైదరాబాదు వచ్చి, చందానగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ అయ్యాడు. కార్లు కడిగాడు, నీళ్ల మోటారు వేశాడు, పిల్లల్ని బడి బస్సెక్కించాడు. అందరూ బహదూర్ అనే పిలిచేవారు. ఆ మాటకు ధైర్యవంతుడని అర్థమని ఎవరైనా అన్నప్పుడల్లా నవ్వి ఊరుకునేవాడు. కర్ర పట్టుకుని తిరిగిన అన్నేళ్లలో దొంగ ఎదురుపడకుండా చూడమని దేవుణ్ని వేడుకోని రోజు లేదు. నలభై దాటాక ఆ అపార్ట్‌మెంటుకు కెమెరాలొచ్చాయి, యూనిఫాం వేసుకున్న ఏజెన్సీ వాళ్లొచ్చారు. మెట్ల కింది గది ఖాళీ చెయ్యమన్నారు. అక్కడి లిఫ్టు చూడటానికి నెలనెలా వచ్చే ఐలయ్యే ఆ రోజు అతని పెట్టె మీద చెయ్యేసి, “వాచ్‌మన్‌ను తీసేస్తరు గాని లిఫ్టును తీసెయ్యరు గద. నాతోని రా, చేతిపని నేర్చుకో,” అన్నాడు.

అతన్ని బహదూర్ అనకుండా దిల్లూ అన్నది ఈ ఊళ్లో ఐలయ్య ఒక్కడే.

పని మొదలైన నాటి నుంచి అన్నం సరిగ్గా దిగడం లేదు. తెల్లాపూర్‌లో రెండిళ్లలో వంట చేసే భార్య మన్‌సరా, “పని ఎట్లా ఉంది?” అని అడిగితే బాగుందనే చెప్పేవాడు. లిఫ్టు కిందికి దిగుతున్నప్పుడు పక్క నుంచి, దానికి సరితూకంగా వేలాడే ఇనుప దిమ్మల చట్రం చప్పుడు లేకుండా పైకి లేచి వస్తుందని, దాని గాలి చెంపకు తగిలిన ప్రతిసారీ కళ్లు మూసుకుంటానని చెప్పలేదు.

“కిందికి!” అని అరిచాడు.

పైన తాళ్లు దిగే రంధ్రాల్లోంచి ఐలయ్య గొంతు వచ్చింది. “కిందికి!”

కప్పు మీది డబ్బాకున్న బటన్ ఒత్తాడు. కప్పు మెల్లగా దిగింది. ఆపాడు. హెల్మెట్‌కున్న లైటు వెలుగులో రైలు పట్టా మీది నల్లటి జిడ్డును గుడ్డతో తుడిచాడు, బ్రష్షుతో నూనె పట్టించాడు. మళ్లీ అరిచాడు. మళ్లీ జవాబొచ్చింది. మధ్యమధ్య ఐలయ్య మెషిన్‌తో మాట్లాడుతున్న మాటలు కూడా కిందికి జారుతున్నాయి. “ఏందే, నీకేమైంది, గట్ల గురుగురుమంటున్నవ్?” ఆ గొంతు వినబడుతున్నంత సేపూ దిల్‌బహదూర్ ఊపిరి మామూలుగానే ఆడింది.

ఏడో అంతస్తు గడప కాస్త దాటాక పని ముగించి, “కిందికి!” అన్నాడు.

జవాబు రాలేదు.

వినలేదేమోనని ఇంకా గట్టిగా అరిచాడు. తన కేకే గోడలకు తగిలి తిరిగొచ్చింది. “ఉస్తాద్! ఓ ఉస్తాద్!” పైన రంధ్రాల దగ్గర సన్నటి వెలుతురు కనబడుతోంది కానీ అలికిడి లేదు. ఫోను తీశాడు. సిగ్నల్ లేదు.

బయటికి వెళ్లాడేమో, వస్తాడు అనుకున్నాడు. గుడ్డ మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. దూలాన్ని కావలించుకుని కూర్చున్నాడు.

బటన్ చేతికందేంత దూరంలోనే ఉంది. ఒత్తితే ఆరో అంతస్తుకు సమానంగా దిగొచ్చు, తలుపు తెరుచుకుని బయటపడొచ్చు. బొటనవేలు బటన్ మీద ఆనించాడు కూడా. అప్పుడు నాన్న చెయ్యి గుర్తొచ్చింది.

ఊళ్లో నది దాటడానికి ఒక ఇనుపతీగ ఉండేది. దానికి కప్పీ, కప్పీకి వేలాడే చెక్కపీట. జనాన్ని దాటించడం నాన్న పని. ఒకరోజు కప్పీ ఇరుక్కుంటే నది నడిమధ్య ఆగి సరిచేస్తున్నాడు. అవతలి గట్టువాళ్లు ఆయన కేక కోసం ఆగకుండా తాడు లాగారు. నాన్న అరవలేదు. పీట మీద కూర్చుని, వేళ్లు లేని చేతిని అలా చూస్తూ గట్టుకు వచ్చాడు.

దిల్‌బహదూర్ బటన్ మీద నుంచి వేలు తీసేశాడు.

ఏడో అంతస్తు తలుపు అతనికి ఎదురుగానే ఉంది. దాని గడప మోకాలి కన్నా కాస్త ఎత్తులో ఉంది. తలుపు లోపలి గడియ మాత్రం పై అంచున, చేతికందనంత ఎత్తులో ఉంది. దాన్ని పక్కకు నెడితే తలుపు తెరుచుకుంటుందని ఐలయ్య చూపించాడు. చేయించలేదు.

దూలం మీదికెక్కాలి. ఎక్కితే పట్టుకోవడానికి తాడు తప్ప ఏమీ లేదు. తన భాషలో అమ్మను తలుచుకుంటూ ఎక్కాడు. జిడ్డు తాడును ఎడమచేత్తో చుట్టి పట్టుకుని, కుడిచేత్తో బ్రష్షు కర్రను చాచి గడియను పొడిచాడు. తప్పింది. ఇంకోసారి పొడిచాడు. కర్ర జారి తల తిరిగినట్టయింది. కళ్లు మూసుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే మళ్లీ పొడిచాడు. గడియ టక్కుమంది. సందులో కర్ర దూర్చి, తలుపు నెట్టి, గడప మీద పొట్టతో పాకి, ఏడో అంతస్తు చలువరాయి మీద బోర్లా పడ్డాడు. కాసేపు చెంపను ఆ రాయికి ఆనించుకుని ఉండిపోయాడు.

తర్వాత మెట్ల వైపు పరుగెత్తాడు.

మెషిన్ రూమ్‌లో ఐలయ్య గోడకానుకుని కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆనింది. చొక్కా చెమటకు తడిసి ఉంది. రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి, పది వేళ్లూ ఉన్నాయి. దిల్‌బహదూర్ ముందు వేళ్లనే చూశాడు. తర్వాతే ముఖం చూశాడు.

“ఉస్తాద్,” అని భుజం కదిపాడు. తల పక్కకు వాలింది.

లేచి నిలబడేసరికి ఎదుటి గోడకున్న మెయిన్ స్విచ్ కనబడింది. దించి ఉంది. తను బటన్ ఒత్తినా లిఫ్టు కదిలేది కాదు. నొప్పి వచ్చాక ఈ మనిషి తలుపు వైపు పోలేదు. ముందు ఆ గోడదాకా నడిచి, కింద ఉన్నవాడి కోసం స్విచ్ దించి, అప్పుడు కూర్చున్నాడు.

గార్డు వచ్చాడు, అంబులెన్స్ వచ్చింది. దవాఖానలో డాక్టరు ఎక్కువసేపు చూడలేదు. ఐలయ్య కొడుకు సాయిచంద్ మొబైల్ షాపు నుంచి అట్లాగే వచ్చేశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నాయిన ఏమన్న అన్నడా, కాకా?”

దిల్‌బహదూర్ ఆలోచించాడు. “కిందికి అన్నడు. నేను అడిగినప్పుడల్లా అన్నడు.” సాయిచంద్ అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

సాయంత్రం సూపర్‌వైజర్ రాకేశ్ వరండాలోకి పిలిచాడు. “సోమవారం నుంచి వేరే మెకానిక్‌తోని పంపిస్త. వస్తవా, బహదూర్?”

పొద్దుటి వాక్యం నోటిదాకా వచ్చింది. ఈ పని నాతోని కాదు. “నాకు చాలా భయం సార్,” అన్నాడు. ఇరవై ఏళ్ల పైబడి ఈ ఊళ్లో ఎవరితోనూ అనని మాట అది. “వస్త. కాని మీద ఉన్నాయన జవాబు ఇయ్యాలె. ఇయ్యకపోతే నేను బటన్ ఒత్తను.”

“సరే, చెప్త.”

“నా పేరు దిల్‌బహదూర్ సార్.”

సాయిచంద్ ఇచ్చిన తాళంచెవితో బండి తేవడానికి అతను మళ్లీ ఆ భవనానికి వెళ్లాడు. సెల్లార్‌లో ఐలయ్య మోపెడ్ ఒక్కటే మిగిలి ఉంది. ముందు కొక్కేనికి తగిలించిన సంచిలో, ఇంటికని పొద్దున టీ కొట్టు పక్కన ఐలయ్య కొన్న లేత మక్కజొన్న కంకులు, వాటి ఆకుపచ్చ పొరల మీద ఇంకా ఆరని నీళ్లు.