ఒక్క రోజు ముందు

రామన్నపేట పక్క ఊరి దొర లింగారెడ్డి పొద్దుటినుంచి గుర్రాల కొట్టం ముందు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆ రోజు 1938 డిసెంబరు ముప్పై ఒకటి. పందెపు గుర్రం ఎప్పుడు పుట్టినా జనవరి ఒకటిన దాని వయసు ఓ ఏడు పెరిగినట్టే లెక్క. అన్ని దేశాల్లోనూ ఆ లెక్కే నిజాయితీగా నడవాలని, గుర్రాలు పెంచేవాళ్లందరి తరఫున బొంబాయిలో జరగబోయే పందెపు గుర్రాల సభలో మాట్లాడాల్సింది ఆయనే. బయట కారు సిద్ధంగా ఉంది. లోపల ఆడగుర్రం నొప్పులు పడుతోంది. ఏడాది మొదట్లోనే, అందరికన్నా ముందు పిల్ల కావాలని తొందరపడి దాన్ని మగగుర్రంతో కలిపించిందీ ఆయనే. ఇవాళ ఈనితే ఆ పిల్ల రేపటికే ఏడాదిది. పందెంలో తనకన్నా పెద్దవాటితో పరుగెత్తాలి.

"జర రేపటిదాంక ఆపలేవా?" అని గుర్రాలు చూసే జీతగాడు పెద్దులు మీద విరుచుకుపడ్డాడు.

"నేనెట్ల ఆపుత దొరా? అది ఈనుతాంది."

పొద్దుగూకకముందే పిల్ల నేలన పడింది. దొర చుట్టూ చూశాడు.

"ఎవరడిగినా రేపు పుట్టిందని చెప్పు."

"గట్లనే దొరా. పోయినేడు గూడ గట్లనే చెప్పిన గద."

కారెక్కినా దొరకు కుదురు లేదు. ఈపాటికి ఇంగ్లండులో, ఫ్రాన్సులో ఎన్ని కొట్టాల ముందు ఎంతమంది ఇదే మాట చెబుతున్నారో! అది తట్టగానే మనసు తేలికపడింది. వాళ్లందరి తరఫున మాట్లాడటానికి తనకన్నా తగినవాడు లేడు.